మూడు సిరాల రిజిస్టర్

తెలంగాణ ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను హుస్సేనీ ఆలంలోని ఒక శాఖా గ్రంథాలయానికి గ్రేడ్-2 గ్రంథపాలకుడిగా బదిలీ చేశారు. ఉత్తర్వులో రెండు పనులు రాసి ఉన్నాయి. ఒకటి, శాఖ బాధ్యతలు తీసుకోవడం. రెండు, ఆ శాఖలోని పుస్తకాలన్నింటి వివరాలు ఆరు నెలల్లో కంప్యూటర్‌లోకి ఎక్కించడం. మొదటి పని ఒక్క పూటలో అయిపోయింది. రెండోది ఒక మనిషి పరువు మీదికి వచ్చింది. ముందే చెబుతున్నాను, ఆ నెలల్లో ఎక్కువ రోజులు నాకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. అర్థమైనట్టు ముఖం పెట్టుకుని కూర్చోవడం కూడా మా ఉద్యోగంలో భాగమే.

మా వృత్తి తెలియనివారి కోసం ఒక సంగతి చెప్పాలి. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక వరుస నంబరు ఇస్తాం. దాన్ని యాక్సెషన్ నంబరు అంటాం. ఆ నంబరును ఒక పెద్ద రిజిస్టర్‌లో పుస్తకం పేరు, రచయిత పేరు, వచ్చిన తేదీతో సహా రాస్తాం. పుస్తకం లోపల ముద్ర వేసి, ముద్ర మధ్యలో అదే నంబరు వేస్తాం. ఒక నంబరు ఒక్క పుస్తకానికే. పుస్తకం పోయినా, చెదలు తిన్నా ఆ నంబరును ఇంకొకదానికి ఇవ్వరు. లైబ్రరీ సైన్స్ కోర్సులో మొదటి వారమే ఈ మాట చెబుతారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను ఒక్కసారి కూడా అనుమానించని మాట అది.

శాఖ ఒక పాత మేడలో ఉండేది. ముందు హాల్లో తెలుగు పుస్తకాలు, పత్రికల బల్ల. వెనక గదిలో ఉర్దూ పుస్తకాలు, రెండు బీరువాల హిందీ. సిబ్బంది నేను, రికార్డ్ అసిస్టెంట్ మల్లేశం, అంతే. పాఠకులు అడిగిన పుస్తకం తీసివ్వడం, తిరిగి వచ్చినదాన్ని దాని చోట పెట్టడం రికార్డ్ అసిస్టెంట్ పని. మల్లేశం ఉప్పుగూడ మనిషి. ఇంట్లో పాడి ఉండేది. పొద్దున బర్రెల పని చూసుకుని సైకిల్ మీద వచ్చేవాడు. ఆ శాఖలో చేరినప్పటి నుంచి మరో శాఖ ముఖం చూడలేదు. వచ్చే ఫిబ్రవరి ఆఖరుకు రిటైర్ కావాల్సి ఉంది.

నేను చేరిన రోజే కంప్యూటర్ పెట్టెలు దిగాయి. అతను వాటి చుట్టూ ఒకసారి తిరిగి, "సారు, ఇది వచ్చినంక ఇంగ మీరెందుకు, నేనెందుకు? నడువుండ్రి, ఇద్దరం కల్శి బర్లు కాద్దాం" అన్నాడు. నవ్వాను. కొత్తచోట మొదటి రోజు నవ్వించే మనిషి దొరికితే సగం బరువు తగ్గుతుంది.

పని ఇలా మొదలైంది. రిజిస్టర్ కాగితాలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. బయటికి పంపడం కుదరదు. అందుకని పుటలన్నీ జిరాక్స్ తీయించి, కట్టలు కట్టి, డేటా ఎంట్రీ ఏజెన్సీకి పంపాను. వాళ్ళు జిరాక్స్ చూసి టైప్ చేశారు. రిజిస్టర్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసి ఉండటం వల్ల పని చకచకా సాగింది. దసరా నాటికి జాబితా చేతికొచ్చింది. నేను చాలా సంతోషపడ్డాను. మిగతా శాఖలు ఇంకా సగంలో ఉన్నాయని తెలిసి ఇంకొంచెం ఎక్కువ సంతోషపడ్డాను.

నవంబరులో ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీకి ఒక సూపరింటెండెంట్ వచ్చారు. నమూనా తనిఖీ అంటే, కంప్యూటర్ జాబితాలోంచి తోచిన నంబర్లు ఎంచుకుని, ఆ పుస్తకాలు తెప్పించి, పేరు సరిపోయిందో లేదో చూడటం. నంబరు మాత్రమే చెప్పాలి, పేరు చెప్పకూడదు. ముందే తెలిస్తే సిబ్బంది సర్దుబాటు చేస్తారని భయం. ఆయన నా కుర్చీలో కూర్చుని "214" అన్నారు. మల్లేశం వెళ్ళి నిమిషంలో పుస్తకం తెచ్చాడు. లోపల నంబరు 214. పుస్తకం తెలుగు నవల. జాబితాలో 214 ఎదురుగా ఉన్నది ఉర్దూ కథల సంపుటం.

ఆయన టిక్కు పెట్టలేదు. ఇంకో నంబరు చెప్పారు. మళ్ళీ అదే వరుస. నంబరు సరిగ్గానే ఉంది, పుస్తకం వేరు. మధ్యాహ్నం దాకా ఇదే లొల్లి. కొత్త పుస్తకాల్లో ఒక్కటి కూడా తేడా రాలేదు. తేడా అంతా పాత పుస్తకాల్లోనే. అదే మల్లేశం కొంప ముంచింది. పాత పుస్తకాలకే కదా బయట గిరాకీ. సూపరింటెండెంట్ గారు కళ్ళజోడు తీసి నాతో మెల్లగా అన్నారు, "ఎవరో పాత పుస్తకం పట్టుకుపోయి, దాని నంబరు వేరే పుస్తకం మీద వేసి ఇక్కడ పెట్టారు. నంబరు చెప్పగానే అది ఎక్కడుందో తెలిసి తెచ్చే మనిషి ఎవరు?"

వెనక గదిలోకి వెళ్ళి ఉర్దూ బీరువాల్లో వెతకొచ్చు కదా అని మీరు అడగొచ్చు. తర్వాత నన్ను నేను కూడా ప్రశ్నించుకున్నాను. మా ముగ్గురిలో ఉర్దూ మాట్లాడనివాడు లేడు, చదవగలిగినవాడు లేడు. అసలు కారణం అది కూడా కాదు. 214 నంబరు పుస్తకం మా చేతిలోనే ఉంది. ఒక నంబరు ఒక్క పుస్తకానికే. రెండో 214 కోసం వెతకాలన్న ఆలోచన చదువుకున్న గ్రంథపాలకుడికి రాదు.

డిసెంబరు మొదట్లో మల్లేశం పేరు మీద ఛార్జ్ మెమో వచ్చింది. ఆరోపణ రాసి, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని అడిగే కాగితం అది. మెమో తేలేదాకా పెన్షన్ కాగితాలు కదలవు. తేలకుండా రిటైరైతే, ఆ మనిషి దొంగ అన్న అనుమానంతోనే ఇంటికి పోతాడు. దాన్ని అతనికి అందించి సంతకం తీసుకోవాల్సింది నేనే. అతను కూడబలుక్కుని చదువుతాడు. నాలుగు చోట్ల తన పేరు కనపడగానే చదవడం ఆపేశాడు.

"ఏంది సారు ఇది? నేను పుస్తకాలు మార్చిన్నా?"

"సంజాయిషీ రాద్దాం. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు."

"ఏం జరుగుతది? నంబరు అడిగిన్రు, నంబరు తెచ్చిన. తప్పు తెచ్చిన్నా? ముద్దర్ల నంబరు చూస్కోండ్రి."

అదే రాశాను. అంతకు మించి అతను చెప్పలేదు, నాకు అడగడం చేతకాలేదు. ఆ రోజుల్లో నా తలకాయ గందరగోళంగా ఉండేది. ఒక పూట అతను నిర్దోషి అనిపించేది. ఇంకో పూట, ఇన్నేళ్ళుగా తాళాలు అతని దగ్గరే ఉన్నాయి కదా అనిపించేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, సాయంత్రం అతను వెళ్తుంటే సంచీ వైపు చూడటం మొదలుపెట్టాను. మూడో రోజో నాలుగో రోజో అతను నా బల్ల దగ్గరికి వచ్చి సంచీ బోర్లించాడు.

"చూస్కోండ్రి సారు. సద్ది గిన్నె, తొక్కు డబ్బ, తువ్వాల. దొంగచూపులెందుకు, మంచిగ చూస్కోండ్రి."

పచ్చడి డబ్బా దొర్లుకుంటూ వచ్చి నా మోచేతికి తగిలింది. దాన్ని తీసి సంచీలో పెట్టాను. అంత నామోషీ నాకు ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు.

తర్వాత నాకు తోచిన దారులన్నీ తొక్కాను. పుస్తకాలు బైండింగ్‌కు పోయినప్పుడు అట్టలు తారుమారయ్యాయేమో అనుకుని, పక్క గల్లీలో మా పుస్తకాలు కట్టే ముసలి జిల్ద్‌సాజ్ దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన చేతిలోని సూది కింద పెట్టి, "క్యా సాబ్, మై జిల్దాఁ బాంధ్తుఁ, నంబరాఁ నై బాంధ్తుఁ" అని కేకలేశాడు. అట్టలు కట్టేవాణ్ణి, నంబర్లు కట్టేవాణ్ణి కాదు అని. నిజమే, అట్ట మారినా లోపలి కాగితం మారదు, ముద్ర ఉండేది ఆ కాగితం మీదే. పాత జాబితాలు తిరగేశాను. ఎవరైనా పుస్తకాలు ఏరిపారేశారేమో చూశాను. ఎటు చూసినా లెక్క రెండు మూడు అడుగులు నడిచి ఆగిపోయేది. మాదన్నపేటలో మా ఇంటికి కూరగాయలు కొంటూ కూడా నంబర్లే లెక్కపెట్టుకుంటుంటే, తూకం వేసే అతను "ఏం సాబ్, తబియత్ మంచిగుందా?" అని అడిగాడు.

జనవరిలో ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. పేరు సఫియా. పాతబస్తీలో పఠన మందిరాలు ఎలా పుట్టాయి, ఎవరు ఏం చదివారు, కంప్యూటర్లు వచ్చాక ఆ ఆనవాళ్ళు ఏమవుతున్నాయి అన్నది ఆమె పరిశోధన. గ్రంథాలయాల చరిత్ర చదివేవాళ్ళు ఉంటారని నాకు తెలుసుగానీ, మా శాఖకూ చరిత్ర ఉంటుందని తట్టలేదు. ఆమె మొదటి యాక్సెషన్ రిజిస్టర్ అడిగింది. జిరాక్స్ కట్ట ముందుకు జరిపాను.

"అసలుది కావాలె సర్."

"రెండిట్లో ఒకటే ఉందమ్మా. అది ముట్టుకుంటే రాలిపోతుంది."

"ముట్టుకోను సర్. మీరే తిప్పండి, నేను చూస్త. జిరాక్స్‌ల చేతిరాత వస్తది గాని సిరా రాదు. ఏ దినం ఎవరు రాసిన్రో సిరాను బట్టి కొద్దిగ తెలుస్తది."

విసుక్కుంటూనే బీరువా తీశాను. మెమో గొడవలో మునిగి ఉన్నవాడికి సిరా గురించి పాఠం చెబితే ఎలా ఉంటుంది? మొదటి పుటలు తిప్పాను. ఆమె కాసేపు చూసి, "సర్, నంబర్లు మూడు రంగులల్ల ఎందుకున్నయ్?" అంది.

నీలం, ఆకుపచ్చ, ఎరుపు. నేను అంతకుముందు చూశాను. ఒక సీసా అయిపోతే దొరికిన ఇంకో సీసాతో రాశారనుకున్నాను. అదే చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఒకే పుటలో పక్కపక్కన ఉన్న వరుసలు చూపించింది. నీలం 540. దాని కింద ఆకుపచ్చ 214. దాని కింద నీలం 541. సీసా అయిపోయి మళ్ళీ నిండిందా? కొన్ని పుటలు వెనక్కి తిప్పాను. నీలంలో కూడా ఒక 214 ఉంది. తెలుగు నవల.

అటు పక్క పత్రికలు సర్దుతున్న మల్లేశాన్ని పిలిచి, ఈ రంగులేమిటని అడిగాను. అతను నా వైపు వింతగా చూశాడు.

"నీలం తెలుగుది, పచ్చ ఉర్దూది, ఎర్రది హిందీది. మీకు ఎరుక లేదా?"

"పచ్చ 214 తీసుకురా" అన్నాను.

వెనక గదిలోకి పోయి, తువ్వాలుతో దుమ్ము కొట్టుకుంటూ ఒక పుస్తకం తెచ్చాడు. ముద్ర మధ్యలో పచ్చ సిరాతో 214. సఫియా పేరు పైకి చదివింది. నేను జాబితా చూశాను. అదే ఉర్దూ కథల సంపుటం. సూపరింటెండెంట్ గారు పోయిందని రాసిన పుస్తకం పదడుగుల దూరంలో తన చోట తాను ఉంది. అలా ఒక పదిహేను నంబర్లు చెప్పాను. పదిహేనూ తెచ్చాడు. అతనికి ఉర్దూ అక్షరం రాదు. ఇన్నేళ్ళుగా ఆ గది మొత్తం సిరా రంగు చూసి సర్దుకుంటూ వచ్చాడు.

"మరి తనిఖీ రోజు పచ్చవి ఎందుకు తేలేదు?"

"సిరా చెప్పకుంటే నీలమే సారు. మొదటి సారు పెట్టిన రూలు గదే."

"ఈ ముక్క మెమో వచ్చినప్పుడు చెప్పొద్దా, మహానుభావా!"

"మీరు లైబ్రేరియన్ గదా. రిజిస్టరు మీ అల్మారలనే ఉండె. నాకు ఎరుకైంది మీకు ఎరుక ఉండదని నాకేం ఎరుక?"

రిజిస్టర్ మొదటి పుట నుంచి మళ్ళీ తిప్పాను. లెక్క తేలింది.

శాఖ మొదటి గ్రంథపాలకుడు మూడు భాషలకూ వేర్వేరుగా ఒకటి నుంచి నంబర్లు మొదలుపెట్టి, సిరాతో తేడా చూపించాడు. పుస్తకాలు వచ్చిన తేదీల వరుసలో ఒకే రిజిస్టర్‌లో రాశాడు. ఆయన వెళ్ళిపోయాక బాల్‌పెన్నులు వచ్చాయి. తర్వాతివాళ్ళు ఒకే రంగుతో, ఒక పెద్ద నంబరు నుంచి, ఒకే వరుసలో రాసుకుంటూ పోయారు. అందుకే కొత్త పుస్తకాల్లో తేడా రాలేదు. జిరాక్స్ మిషన్ మూడు రంగుల్నీ ఒకే నలుపు చేసింది.

ఇంతవరకూ మిషన్ మీద తోసేయవచ్చు. కానీ రెండు 214లు వస్తే కంప్యూటర్ ఊరుకోదు, రెండోదాన్ని తీసుకోను అంటుంది. మరి ఎలా తీసుకుంది? అప్పుడు గుర్తొచ్చింది. జూలైలో ఒకరోజు ఏజెన్సీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సర్, పాత నంబర్లు మళ్ళీ వస్తున్నాయి, పుస్తకం పేరు వేరుగా ఉంది, ఏం చేయమంటారు" అని. రిజిస్టర్‌లో తప్పు పడితే పాత వరుస కొట్టేయకుండా కింద సరిచేసి మళ్ళీ రాయడం నేను పనిచేసిన చోట్ల అలవాటు. అది మనసులో పెట్టుకుని, రిజిస్టర్ తెరిచి చూడకుండా, "తర్వాత రాసిందే ఖరారు, ముందుది తీసేయండి" అని చెప్పాను. ఉర్దూ పుస్తకాలు నెమ్మదిగా వచ్చాయి కాబట్టి పచ్చ 214 ఎప్పుడూ నీలం 214 తర్వాతే ఉంటుంది. హిందీ అయితే 214 దాకా రానేలేదు. నా ఒక్క మాటతో పాత తెలుగు పుస్తకాలు జాబితాలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. ఎన్ని రోజులు తల బద్దలు కొట్టుకున్నానో, అన్ని రోజులూ ఆ ఫోన్ మాట నాకు గుర్తు రాలేదు. ఎందుకు రాలేదో కూడా తెలియదు.

నేను ఆ రోజే రిజిస్టర్‌ను జాగ్రత్తగా గుడ్డలో చుట్టుకుని ప్రధాన కార్యాలయానికి వెళ్ళి కార్యదర్శికి చూపించాను. నివేదిక రాసిమ్మన్నారు. రాశాను. "పాత రిజిస్టర్‌లోని రంగుల విధానం నకలులో కనపడనందున, సాంకేతిక కారణాల వల్ల కొన్ని నమోదులు జాబితా నుండి తొలగిపోయినవి. పుస్తకాలన్నీ శాఖలోనే ఉన్నవి." నంబరు ముందు భాషను సూచించే అక్షరం చేర్చి మళ్ళీ టైప్ చేయించాలని సూచన కూడా రాశాను. మెమో ఉపసంహరించుకున్నారు. మల్లేశం పెన్షన్ కాగితాలు కదిలాయి. నాకు గుండెల మీది బండ దిగింది.

ఫిబ్రవరి ఆఖరు రోజున పాఠకులు అతనికి శాలువా కప్పారు. అందరూ వెళ్ళాక అతను నా ఎదుట కూర్చున్నాడు. అన్ని నెలల్లో నా ముందు కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"సారు, మెమో వాపస్ తీసుకున్నరు గదా. మీరు రాసిచ్చిన కాయితం ఒక్కసారి సదివి వినిపించుండ్రి."

ఫైలు తీసి చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. కాసేపు శాలువా అంచు మడతపెట్టుకుంటూ కూర్చున్నాడు.

"నా మీద వచ్చిన కాయితంల నా పేరు నాలుగు దిక్కుల రాసిన్రు. దీంట్ల ఎవ్వల పేరూ లేదేంది సారు?"

"ఇది సాంకేతిక కారణం మల్లేశం. మనుషులు కారు" అన్నాను.

"గట్లనా" అన్నాడు. కోపంగా అనలేదు. లేచి, తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, నమస్తే చెప్పి, సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఫోన్ సంగతి అతనికి తెలుసో తెలియదో నాకు తెలియదు. నేను అడగలేదు.

నేను రిటైరయ్యాక సఫియా పరిశోధన పుస్తకంగా వచ్చింది. ఒక ప్రతి పంపింది. మా శాఖ మీద ఒక అధ్యాయం ఉంది. మూడు సిరాల సంగతి చక్కగా రాసింది. కంప్యూటరీకరణ దగ్గరికి వచ్చేసరికి నా నివేదికలోని వాక్యాన్నే తెచ్చి పెట్టింది, "సాంకేతిక కారణాల వల్ల" అని. ఆమె తప్పు లేదు. చరిత్ర రాసేవాళ్ళు దొరికిన కాగితాన్నే నమ్ముతారు. ఫోన్ చేసి అసలు జరిగింది చెప్పాను. ఆమె, "చెప్తే సరిపోదు సర్, రాసి ఇవ్వండి, నాకు కాగితం కావాలె" అంది. అందుకే ఇది రాశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికీ, దీని చరిత్ర చదివేవారికీ నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏ గ్రంథాలయం ఫైలులోనైనా "సాంకేతిక కారణాలు" అన్న మాట కనపడితే అక్కడ ఆగి, ఆ రోజు ఎవరు ఎవరికి ఏం చెప్పారో వెతకండి. కింది ఉద్యోగి తప్పుకు పేరు ఉంటుంది, పై ఉద్యోగి తప్పుకు కారణం ఉంటుంది. హుస్సేనీ ఆలం శాఖలో మల్లేశం ఏ తప్పూ చేయలేదు. కంప్యూటర్ కూడా చేయలేదు. రిజిస్టర్ తెరిచి చూడకుండా ఫోన్‌లో జవాబు చెప్పింది నేను.